విప్పి పెట్టిన ఇంజన్

నిదానం మాస్టారు పోయారన్న కబురు కన్నా, పోయే ముందు రోజు ఆయన ఇంజన్ మొత్తం విప్పేశారన్న కబురే సీటమ్మని ఎక్కువ తికమక పెట్టింది. చావంటే సరే, ఎవరికైనా వచ్చేదే. ఆయనకీ వయసు మీద పడింది. పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. సీటమ్మ కరువుతీరా ఏడ్చింది, మెల్లగా సర్దుకుంది. కానీ లక్షణంగా నడుస్తున్న ఇంజన్‌ని ఏ మనిషైనా ఎందుకు విప్పుతాడు?

సీటమ్మ అసలు పేరు వేరే. కార్ల సీట్లకి కవర్లు కుట్టడం ఆవిడ పని. ఆ పేరు పెట్టింది మాస్టారే. ఒక పాత కారు సీట్లకి కొలతలు తీసుకోవడానికి మొదటిసారి మాస్టారి షెడ్డుకి వెళ్లినప్పుడు, బానెట్‌లో తల దూర్చిన ఆయన వెనక్కి చూడకుండానే, "సీట్ల అమ్మాయివా? ఈ స్పానర్ ఒక్క నిమిషం పట్టుకో తల్లీ" అన్నాడు. పట్టుకుంది. ఆ ఒక్క నిమిషం ఇంకా అయిపోలేదు. ఆదివారం వస్తే చాలు, కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి షెడ్డుకి పరుగెత్తేది.

ఆయనేమీ కార్ల మెకానిక్కు కాదు. మంచినీళ్ల పంపుహౌసులో ఇంజన్ తిప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. బడిలో ఎన్నడూ చెప్పకపోయినా అందరూ మాస్టారనే పిలిచేవాళ్లు. ఎవరైనా ఆవేశపడి నట్టు బిగించబోతే చాలు, పక్కనుంచి "నిదానం" అని వినపడేది. ఆ మాటే ఆయనకి పేరైపోయింది. కరెంటు మోటార్లు వచ్చి పాత ఇంజన్‌ని మూల పడేస్తే చూడలేక, దాని పక్కనున్న షెడ్డుని అడిగి పుచ్చుకుని, తుక్కు కొట్టువాళ్లు వదిలేసిన పాత కార్ల ఇంజన్లు ఒక్కటొక్కటే బాగుచేయడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. చూసినవాళ్లలో తాతల నాటి కార్లు ఇంటి వెనక తుప్పు పట్టిస్తున్నవాళ్లు కొందరున్నారు. వాళ్లొచ్చారు, వాళ్ల బావమరుదులొచ్చారు. సంఘమని ఎవరూ అనలేదు, బోర్డు కట్టలేదు. ఆదివారం షెడ్డు ముందు చెప్పులు గుట్టపడితే అదే సంఘం. చిత్రమేమిటంటే, ఇంతమందిని పోగేసిన మనిషికి కారు నడపడం రాదు. నేర్చుకోమంటే, "నడిపేవాళ్లు బోలెడుమంది ఉన్నారుగా" అనేవాడు.

ఆ విప్పేసిన ఇంజన్ అందరిదీ. ఎవరి తాత పుట్టకముందుదో ఒక కారు కోళ్ల షెడ్డులో దొరికితే, దాని ఇంజన్ తెచ్చి ఏళ్ల తరబడి తలో చెయ్యీ వేశారు. లేత్ మిషన్ మీద పనిచేసే బక్కపలచటాయన్ని అందరూ లేతు అంటారు. దొరకని పిన్నులూ బుష్షులూ ఆయన చేశాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన పేరు హారన్, మెల్లగా మాట్లాడినా వీధి చివరికి వినపడుతుంది కాబట్టి. కార్బురేటర్ ఎక్కడినుంచో సంపాదించింది ఆయన. భాగాల మధ్య ఆయిలు కారకుండా పెట్టే గాస్కెట్లు పాతవాటికి ఎక్కడా దొరకవు. సీటమ్మ కార్క్ షీటు తెచ్చి, తన గుడ్డ కత్తెరతోనే కత్తిరించింది. చలికాలంలో ఒక ఉదయం ఆ ఇంజన్ మొదటిసారి తిరిగింది. పెద్దవాళ్లు పిల్లల్లా గంతులేశారు. మాస్టారు మాత్రం చెవి దగ్గర పెట్టి విని, తలాడించి, చేతులు తుడుచుకున్నాడు.

అలాంటిదాన్ని ఎవరికీ చెప్పకుండా, ఆదివారం కాని రోజున, ఒక్కడే వచ్చి విప్పేశాడు.

తలుపు తీసి మొదట చూసింది లేతు. కబురు పెడితే సీటమ్మ వెళ్లింది. బల్ల మీద ఆవిడ సీట్ల కవర్లకి వాడగా మిగిలిన రెగ్జిన్ ముక్క పరిచి ఉంది. దాని మీద పిస్టన్లు, రాడ్లు, రింగులు, అన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, వరసగా పేర్చి ఉన్నాయి. అట్టకి చిల్లులు పెట్టి వాల్వులు గుచ్చాడు. లేనివి గాస్కెట్లే. అవి గీకేసి చెత్తబుట్టలో వేశాడు.

ఇంజన్ విప్పితే గాస్కెట్లు పారేయాల్సిందేనని సీటమ్మకి తెలుసు. ఆయనే నేర్పాడు. అయినా వంగి ఆ బుట్టలోకి చూసింది. అందరూ చేసినవి బల్ల మీదున్నాయి, తను చేసినవి చెత్తలో ఉన్నాయి. కోపం రావాలా, ఏడుపు రావాలా? పోయిన మనిషి మీద కోపమేమిటని తన మీదే విసుక్కుంది.

"ఏదో లోపం కనిపెట్టాడు" అన్నాడు లేతు. "నా బుష్షులోనే అయ్యుంటుంది. నా మొహం మీద చెప్పలేక తనే విప్పాడు."

"లోపమా పాడా" అన్నాడు హారన్. "నేను లేకపోయినా మీరు బిగించగలరో లేదో చూసుకోండ్రా అని విప్పాడు. నాకలా అర్థమవుతోంది."

"పోతానని ఆయనకి ముందే తెలుసా ఏమిటి?" అంది సీటమ్మ.

లేతు కొలత పనిముట్లు తీసి ప్రతి బుష్షూ, ప్రతి పిన్నూ కొలిచాడు. తల వెంట్రుక వాసి తేడా కూడా లేదు. సంతోషించాల్సింది పోయి మరీ దిగాలుపడ్డాడు. "లోపం లేకపోతే మరెందుకు విప్పినట్టు?"

అప్పుడే సీటమ్మ కంట ఇంకోటి పడింది. అంచుల అరుగుదల చూస్తే, అట్టలో గుచ్చిన వాల్వుల్లో రెండు తారుమారైనట్టున్నాయి. ఒక్కో వాల్వునీ దాని చోట దాన్నే నూరి కుదురుస్తారు. ఒకదాని చోట ఇంకోటి పెడితే గాలి ఆగదు. వాల్వు తీసిన వెంటనే గుర్తు పెట్టమని పోరిపోరి చెప్పిన మనిషి ఆయనే. "పరీక్ష. నేను చెప్పలా?" అన్నాడు హారన్. సీటమ్మకి మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది.

అంతకు కొన్నాళ్ల ముందు, తను కుట్టిన సీటు మీద కూర్చుని మాస్టారు అడిగాడు. "బాగుందమ్మా, ఎవరు కుట్టారిది?" మొహంలో నవ్వు లేదు. ఆయన హాస్యం ఎప్పుడూ అంతే, పెదవి కదలదు. అందుకని, "ఎవరో పిచ్చిది లెండి" అంది తను. ఆయన అవునా అన్నట్టు తలూపాడు. అప్పుడు నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఇంట్లో అక్కకి చెప్పింది. అక్క ఆసుపత్రిలో నర్సు. "మరుపు మొదలైతే అలాగే ఉంటుందే. అయిపోయిన పనిని కాలేదనుకుంటారు. మనిషి మరిచిపోయినా చేతులు మరిచిపోవు, అందుకే అంత నీటుగా విప్పాడు" అంది. ఆ మాట నిజమే అనిపించింది. పొద్దున్న లేచేసరికి కాదనిపించింది.

ఉండబట్టలేక మాస్టారి భార్య దగ్గరికి వెళ్లింది. పిన్నిగారు వరండాలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆయన చొక్కాలు కూడా ఉతికి ఆరేసింది. సీటమ్మ కూర్చుని తనూ ఒక చొక్కా అందుకుంది.

"పిన్నిగారూ, మాస్టారికి ఈ మధ్య ఏమన్నా మరుపు వచ్చిందా?"

"నన్ను వాళ్ల చెల్లెలి పేరుతో పిలిచేవాడు."

సీటమ్మ చేతిలో చొక్కా ఆగిపోయింది. "ఎప్పట్నించి?"

"పెళ్లైన దగ్గర్నించీ."

పిన్నిగారే మళ్లీ అంది, "అయినా మీరంతా నిదానం, నిదానం అంటారేమిటమ్మా? ఇంట్లో ఆయనంత తొందర మనిషి లేడు. అన్నం చల్లారనిచ్చేవాడు కాదు, నోరు కాల్చుకునేవాడు. బస్సుకి గంట ముందు వీధిలో నిలబడేవాడు. నేను చెప్పులు వేసుకునేలోపు మలుపు తిరిగిపోయేవాడు."

"మా దగ్గర అలా కాదు."

"ఏమో మరి. మీ దగ్గర ఎవరున్నారో నాకేం తెలుసు."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చింది సీటమ్మ. ఎందుకంటే ఆదివారం షెడ్డులో అందరూ కలిసి మాస్టారిని తలుచుకోవాలనుకున్నారు. మాట్లాడాల్సింది నువ్వేనని సీటమ్మ మీద పెట్టారు. ఆయన అలాంటివాడు, ఇలాంటివాడు అని చెప్పాలి. ఎలాంటివాడని చెప్పాలి? ఓర్పు గలవాడంటే పిన్నిగారు నవ్వుతుంది. మతిమరుపు వచ్చిందంటే హారన్ అగ్గి మీద గుగ్గిలమవుతాడు. తెలివిగా పరీక్ష పెట్టాడంటే, ఆ తారుమారైన వాల్వులు కళ్ల ముందు ఆడతాయి.

ఒకటి మాత్రం తేల్చుకున్నారు. ఆదివారంలోపు ఇంజన్ బిగించాలి. సాయంత్రాలు ముగ్గురూ కూర్చున్నారు. సీటమ్మ మళ్లీ కార్క్ షీటు తెచ్చి గాస్కెట్లు కత్తిరించింది. ఈసారి అంచులు ఇంకా నున్నగా వచ్చాయి, ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. వాల్వుల దగ్గర పెద్ద గొడవే అయింది. మాస్టారు పెట్టిన వరసలోనే పెట్టాలని హారన్, ఆ వరస తప్పని లేతు. "ఆయన తప్పు చేశాడంటావా?" అని ఒకడు, "చేయకూడదా ఏం?" అని ఇంకొకడు. చివరికి సీటమ్మ మాట్లాడకుండా ఒక్కో వాల్వు తీసి, వేళ్లతో తిప్పి కూర్చోబెట్టి చూసి, దేని చోట దాన్ని పెట్టింది. తప్పని తేలింది. అది ఎలాంటి తప్పో మాత్రం తేలలేదు.

ఆదివారం షెడ్డు పట్టనంతమంది వచ్చారు. వెనక వరసలో కుర్చీ వేసి పిన్నిగారిని కూర్చోబెట్టారు. సీటమ్మ లేచింది. ముందు రాత్రి అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆయన గురించి చెప్పమన్నారు" అంది. "ఈ వారమంతా అదే ఆలోచించాను. ఎంత ఆలోచిస్తే అంత తెలియకుండా పోతోంది. ఈ ఇంజన్ ఎందుకు విప్పారో నాకు అర్థం కాలేదు. మా మీద కోపమా, మా మీద నమ్మకమా, ఇంకేమన్నానా. మాకు పని నేర్పారు. ఆయన సంగతి మాత్రం నేర్పలేదు." ఇంకేదో అనబోయి, "అంతే" అని కూర్చుంది.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. తనని ఎప్పుడూ తొందర పెట్టేవాడని ఒకాయన అన్నాడు. తనతో ఏడాదిపాటు ఒక్క మాట మాట్లాడలేదని ఇంకొకాయన. పాటలు బాగా పాడేవాడని మరొకరు అంటే, "పాటలా?" అని పదిమంది ఒకేసారి వెనక్కి తిరిగారు.

చివరికి హ్యాండిల్ తిప్పారు. మొదట ఇంజన్ దగ్గి ఊరుకుంది. లేతు మొహం పాలిపోయింది. హారన్ పంచె ఎగ్గట్టి మళ్లీ తిప్పాడు. అప్పుడు అందుకుంది. ఒక్కసారి పొగ కక్కి, సర్దుకుని, ఒకే తాళంలో ఆడింది. షెడ్డు రేకులు వణికాయి. సీటమ్మ గాస్కెట్ చుట్టూ వేలు పోనిచ్చి చూసుకుంది. తడి లేదు. ఆనందం వచ్చింది గానీ, దాని అడుగున ఆ ప్రశ్న అలాగే కూర్చుని ఉంది.

జనం వెళ్లాక పిన్నిగారిని ఇంటిదాకా దిగబెట్టడానికి వెంట వెళ్లింది.

"ఆ ముందు రోజు ఇంటికొచ్చి ఏమన్నా అన్నారా?" అని అడిగింది.

"చేతులు కడుక్కున్నాడు. కడుపునిండా తిన్నాడు. రేపు చాలా పనుంది అన్నాడు."

సీటమ్మ ఆ మాటని నాలుగు వైపులనుంచీ తిప్పి చూసింది. లోపం సరిచేసే పనా? మాకు అప్పజెప్పే పనా? అయిన పనే కాలేదనుకున్నాడా? ఎటు తిప్పినా కుదురుతోంది.

"ఇంతకీ దాంట్లో పాడైందేమిటి?" అంది పిన్నిగారు.

"ఏమీ లేదు."

"మరెందుకు విప్పాడట?"

"తెలీదు పిన్నిగారూ. నిజంగా తెలీదు."

"పోనీలే, నాకు మాత్రం ఏం తెలుసు" అంది పిన్నిగారు, రోడ్డు దాటడానికి సీటమ్మ చెయ్యి పట్టుకుని. "కూరలో ఉప్పు ఎక్కువైనా తినేవాడు, తక్కువైనా తినేవాడు. ఏది నచ్చేదో ఇప్పటికీ అంతు చిక్కదు. వండడం మానేశానా?"

ఎదురుగా లారీ వస్తుంటే ఇద్దరూ ఆగారు. అది పోయాక దాటారు.