తెల్లగా ఉన్నంతకాలం
అన్నయ్య చనిపోయిన నెలలోనే, కవితాళ దగ్గర ఆయన చేను కౌలుకు తీసుకున్నవాళ్లు పత్తి పీకేసి ట్రాక్టరు తోలారు. ఎండు తెగులుకు చుట్టుపక్కలవన్నీ పోయినా నిలబడ్డ ఒక్క మొక్కా అందులోనే పోయింది. అది ఇంకా కాయ కట్టలేదు, కాబట్టి గింజ లేదు. ఆయన బతికుండగా దాని కాడ ఒకటి తెచ్చి, "నీ సీసాల్లో పెట్టి చూడు," అని ఇచ్చాడు. రాయచూరులో నేను పనిచేసే ల్యాబులో, నెలల తరబడి పెంచితే, ఆ కాడ ముక్కల నుంచి పిండాలు వచ్చాయి. గింజ లోపల ఉండేలాంటివే, గింజ లేకుండా. ఇవి పోతే ఆ మొక్క ఇక లేదు.

వదిన చూస్తానని వచ్చింది. పళ్లెంలో కొన్ని పచ్చబడి ఉన్నాయి.

"ఎంత పచ్చగా ఉన్నాయమ్మా! నారుమడి ఇలా ఉంటే మీ అన్నయ్య అన్నానికి కూడా వచ్చేవాడు కాదు."

వరి కూడా పండించే మా ఇంట్లో పచ్చదనమంటే ఆరోగ్యం. ఇక్కడ అది చేటు. పిండం ముందు ప్రొటీను దాచుకోవాలి, తర్వాత మొలవాలి. ఇవి దాచుకోకుండానే మొలుస్తున్నాయి. రెండాకులు వేసి, తినడానికేమీ లేక చస్తాయి. ఆ మాట వదినకు చెప్పలేదు.

ఆమె వెళ్లాక, గిల్లేసూగూరు నుంచి వచ్చే నా తోటి పరిశోధకురాలు చూసింది. "ఏందక్కా, గింత తొందర వీటికి? కడుపు నిండకముందే బయల్దేరినయ్."

తెల్లగా మిగిలినవాటిని వేరే ఆహారంలోకి మార్చాం: మొలకను ఆపే హార్మోను, ఎక్కువ చక్కెర, ప్రొటీను కట్టుకోవడానికి గ్లుటమిన్. నిండాక గింజల్లా ఆరబెట్టి, ఆపైన మొలిపించాలి. నిండాయో లేదో తెలియాలంటే ఒకదాన్ని కోయాలి. కోసింది బతకదు. నేను బ్లేడు పట్టుకోలేకపోయాను. ఆమే కోసి, ప్రొటీను ఉన్నచోట నీలంగా పట్టే రంగు వేసి, మైక్రోస్కోపులో చూసింది.

"అంచుల్ల మస్తుగుంది. నడుమ పల్చగుంది. ఇంకొన్ని దినాలు ఉండనీ."

"ఈలోపు పచ్చబడితే?"

"ఇప్పుడు తీసి ఆరబెడితే సస్తయ్. ఏది కావాల్నో నువ్వే చెప్పు."

అది నేను చెప్పగలిగింది కాదు. వదినకు ఫోన్ చేసి, పచ్చవాటి సంగతితో సహా అంతా చెప్పాను.

"పాలు పోసుకుంటున్న చేనుని ఎవరైనా కోస్తారా? ఉంచు," అంది. తర్వాత, "రోజూ చూసి చెప్పు," అంది.

ఉంచాం. అప్పటినుంచి పొద్దున్నే ఆ గది తలుపు దగ్గర ఆగిపోతున్నాను. లోపల ఏం చూసినా ఆమెకు చెప్పాలి.