పిండికట్ల పిన్ని

పిల్లల ఎముకల ఆసుపత్రిలో పిండికట్లు వేసే మా పిన్ని, గోడకు అవతల పసిపిల్ల ఏడిస్తే చాలు, ఏ ఎముక విరిగిందో ఇవతలి నుంచే చెప్పేస్తుంది. ఆమె గదిలోకి వస్తే ఎక్స్‌రే మిషను సిగ్గుపడి ఆరిపోతుందని పదిమందికి చెప్పాను, తొమ్మిదిమంది నమ్మారు. మోచేతుల దాకా తెల్లటి పిండి, నడుముకు వంకర కత్తెర. దెబ్బ తగిలిన చోటును ముందు ముట్టుకోదు. బాగున్న కాలితో మొదలుపెట్టి, కబుర్లాడుతూ చివర్లో అక్కడికి చేరుతుంది.

ఆమధ్య జారుడుబల్ల మీంచి పడిన రెండేళ్ల పాపను తెచ్చారు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. "బెణికిందంతే, తీసుకెళ్లండి" అన్నాడు కుర్ర డాక్టరు. తల్లి చెప్పులు వేసుకుంటోంది. పిన్ని గుమ్మానికి అడ్డం నిలబడి, "ఆగమ్మా, ఏం తొందర?" అంటూ పాపను నేల మీద దించి, కాస్త దూరంలో తాళాలగుత్తి ఆడించింది. పాప గబగబా పాకుతూ వచ్చేసింది. లేపి నిలబెడితే మాత్రం ఎడమకాలు మడిచేసి గుక్కపట్టింది.

"నిన్నటిదాకా ఇల్లంతా పరిగెత్తిందండీ!" అంది తల్లి.

పిన్ని డాక్టరు వైపు తిరిగింది. "కట్టు వేద్దాం సార్. పదిరోజులయ్యాక మళ్లీ ఫోటో తీయండి. ఏమీ లేకపోతే నన్ను తిట్టండి."

పదోరోజు ఫోటోలో మోకాలి కింది ఎముక మీద వెంట్రుకంత గీత, దాని పక్కన అతుక్కుంటున్న కొత్త ఎముక తేలాయి.

"ఎముకలు మీతో మాట్లాడతాయటగా అమ్మా!" అన్నాడు డాక్టరు.

పిన్ని చేతులు కడుక్కుంటూనే అంది: "నాతో ఏ ఎముకా మాట్లాడలేదు బాబూ. పాకడానికి మోకాళ్లు చాలు, నిలబడాలంటే కింది ఎముక కూడా బాగుండాలి. మీరు ఫోటో చూశారు, నేను పిల్లని చూశాను."