‘సిల్డ్రన్’ అన్నందుకు

ఒక మాట పలికిన తీరు నచ్చలేదని, ఆ మాటలోని నిజాన్ని కొట్టిపారేసే హక్కు మీకెవరిచ్చారు? ఈ ఉదయం అనకాపల్లి మెయిన్‌రోడ్డులో ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు కింద నిలబడ్డాను. మేడమీది కిటికీలోంచి ఒక ఆడపిల్ల గొంతు కుర్చీని ‘సైర్’ అంది. వెంటనే క్లాసంతా పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకు పాత శత్రువు. దాన్ని ఓడించడం నాకు నేర్పిన మనిషి ఫాతిమా టీచర్.

టౌనులో గాజుల వ్యాపారం చేసే కుటుంబం ఆవిడది. మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. నేను కె. కోటపాడు దగ్గరి చెరకు రైతు కూతుర్ని. మా ఇళ్ళలో ‘చ’ అక్షరం ‘స’ అయిపోతుంది. ఇంగ్లీషు మాటలకీ మినహాయింపు లేదు. పదో తరగతిలో ఉండగా, గ్రహణం రోజున బడులు మూయాలా అన్న విషయం మీద ఇంగ్లీషులో డిబేట్ పెట్టారు. మూయనక్కర్లేదని వాదిస్తూ నా ప్రసంగం రాసి తీసుకెళ్ళాను. టీచర్ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు.

“ఏటే ఇది? చంద్రుడు అడ్డమొచ్చి కొడుకుని కప్పేసేడా? ఎవల కొడుకే?”

సూర్యుడికి రాయాల్సిన ‘సన్’ బదులు కొడుక్కి రాసే ‘సన్’ రాశాను. పలుకు ఒకటే, అక్షరాలు వేరు. సిగ్గుతో చచ్చిపోయాను.

“నాను మాటాడనండి టీచర్. రాయడమే రాలేదు. ఇంక స్టేజీ మీద సిల్డ్రన్ అంటే ఊరుకుంటారేటి, నవ్వుతారు.”

“రాసింది తప్పు, దిద్దుకో. ‘చ’ పలకడం కూడా నేర్చుకో, వద్దన్లేదు. అందాకా నోరు కట్టేసుకుంటావేటి? ఇంగ్లీషోళ్ళు సూర్యుణ్ణీ కొడుకునీ ఒక్కలాగే పిలుత్తారు కదా, ఏది ఏదో వాళ్ళకెలా తెలుత్తాదే?”

“ముందూ వెనకా మాటల్ని బట్టండి.”

“నీ సిల్డ్రన్ కూడా అలాగే తెలుత్తాది. తెలిసీ నవ్వేడంటే ఆడి దగ్గర జవాబు లేదన్నమాటే. జవాబు అడుగు.”

డిబేట్ రోజున, గ్రహణం వల్ల ‘సిల్డ్రన్’కి ఏ హానీ లేదని ఇంగ్లీషులో అన్నానో లేదో, హాలంతా నవ్వులు. అవతలి పక్షం కుర్రాడు మైకు లాక్కుని “సిల్డ్రన్! సిల్డ్రన్!” అని పాటెత్తుకున్నాడు. అప్పుడు దిగిపోయి ఉంటే ఇక జన్మలో నలుగురి ముందు నోరు విప్పేదాన్ని కాదు. వెనక వరుసలో టీచర్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. సైగ చేయలేదు, కనీసం నవ్వలేదు. నా సంగతి నన్నే తేల్చుకోనిచ్చారు.

ఇంగ్లీషు వదిలేసి మా ఊరి తెలుగులోనే అడిగాను. “నానన్నది నీకు అర్థమయిందా?”

“అయింది, సిల్డ్రన్!”

“అయితే జవాబు సెప్పు. సెందురుడి నీడ పడితే పిల్లలకి ఏటవుద్ది?”

కుర్రాడు తన కాగితాలు తిరగేశాడు. మైకు చేతులు మార్చుకున్నాడు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు, హాలు అందుకుంది. మొదటి బహుమతి మాదే. అంతకన్నా పెద్ద గెలుపు గ్రహణం రోజున వచ్చింది: మా బడి తలుపులు తెరిచే ఉన్నాయి. గ్రహణం చూసే కళ్ళద్దాలు పెట్టుకుని గ్రౌండులో కేరింతలు కొట్టాం. భయపడి ఇంట్లో కూర్చున్నవాళ్ళు మరునాడు మా కబుర్ల కోసం ఎగబడ్డారు.

ఇప్పుడు నాకు ‘చ’ చక్కగా పలుకుతుంది. ‘స’ కూడా పోలేదు, పోనివ్వను. సభల్లో నన్ను ఎగతాళి చేసినవాణ్ణి ఈనాటికీ జవాబే అడుగుతాను.

మీ బడిలోనో మీ ఇంట్లోనో తడబడే నాలుకతో ఒక పిల్ల లేచి నిలబడితే, వాక్యం పూర్తయ్యేదాకా వినండి. ఆమె చెప్పింది తప్పైతే వాదించి ఓడించండి. నిజమైతే ఒప్పుకోండి, నలుగురి ముందే ఒప్పుకోండి.