పంజా బరువూ బరువే

పోయిన నెల తెనాలి నుంచి టెలిగ్రాం వచ్చింది, మా బావగారు పోయారని. మా వారికి అన్నగారు ఆయన. కాగితం విప్పగానే నేను చేసిన మొదటి పని, పైన చిరునామా మాదేనా అని చూడడం. తర్వాత ఏ పోస్టాఫీసు ముద్ర పడిందో చూశాను. అప్పుడు గానీ కూలబడి ఏడవలేదు. దేన్నైనా సరిచూసుకోకుండా నమ్మకపోవడం ఆయన నుంచే నాకు అబ్బింది.

తెనాలిలో ఒక రైస్‌మిల్లులో ఫిట్టరుగా పనిచేసేవారు. డీజిలు కొంటే నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, రుద్ది, వాసన చూసేవారు. రైలు టిక్కెట్టు మీద తేదీని కౌంటరు దగ్గర ఒకసారి, ప్లాట్‌ఫారం మీద మరోసారి చదివేవారు. మా ఇంటికొస్తే కుర్చీని కదిపి చూసి గానీ కూర్చునేవారు కారు. నాకు ఒళ్లు మండేది.

అలాంటి మనిషిని నేనూ అనుమానించాను. మీకు చెప్పాలనుకున్నది ఆ సంగతే.

మా వారు పోయేనాటికి బాపట్లకు సముద్రం వైపు మాకొక సరుగుడు తోపు, ఒక చిన్న ట్రాక్టరు ఉండేవి. పెద్దకర్మ అయిన వారానికే బావగారు వచ్చి, "తోపు నీవల్ల కాదమ్మా. నాకు కౌలుకివ్వు, నేను చూసుకుంటా" అన్నారు. ఇవ్వనన్నాను. ఆ రోజు నుంచి ఆయన ఏం మాట్లాడినా దాని వెనక నాకు తోపే కనబడేది.

మరుసటి ఏడు తుఫానుకి సగం చెట్లు పడిపోయాయి. వాటిని త్వరగా రోడ్డెక్కించకపోతే పుచ్చిపోతాయి. కూలీలేమో ఎవరి ఇళ్లు వాళ్లు నిలబెట్టుకునే పనిలో ఉన్నారు. అప్పుడు తెనాలి నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. ట్రాక్టరు వెనక హైడ్రాలిక్ చేతులకు తగిలించే ఇనుప పంజా ఉందని, అది నాలుగు వేళ్లతో దుంగను పట్టి పైకెత్తుతుందని చెప్పాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది. తెనాలి వెళ్లి, మాట వరసకి బావగారినీ చూడమన్నాను.

ఆయన పంజా చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"అమ్మగారి ట్రాక్టరు ఎనిమిది క్వింటాళ్లు లేపుతుందని పుస్తకంలోనే ఉందండి. ఇంక అనుమానమేంటండి?" అన్నాడు ఏజెంటు.

"ఎక్కడ తగిలిస్తే ఎనిమిది?"

"ఎత్తే చోటేనండి."

"ఎత్తే చోటంటే చేతుల చివరా, లేక ఈ వేళ్లున్న చోటా? వేళ్లు మూడడుగులు వెనక్కున్నాయి. ఎంత వెనక్కి పోతే అంత తక్కువ లేస్తుంది. సరే, ఈ పంజా బరువెంత?"

"రెండు క్వింటాళ్లు ఉంటుందేమోనండి."

"ఉంటుందేమో అంటే కుదరదు. మిల్లు కాటా మీద పెడదాం."

పెడితే మూడు దాటింది. బావగారు నా వైపు తిరిగి, "పంజా బరువూ బరువే కదమ్మా. దాన్ని మోశాకే దుంగని మోయాలి. ఇది మన బండికి తగదు. రెండు వేళ్లది, తేలికది చేయించుకో. దుంగల్ని పొట్టిగా కోయించుకో" అన్నారు.

ఏజెంటు నొచ్చుకుని వెళ్లిపోయాడు. నేను మాత్రం రైల్లో బాపట్ల వచ్చేదాకా ఒకటే ఆలోచించాను. కాటా ఆయన మిల్లుది. దుంగలు పుచ్చిపోయి నేను తోపు వదులుకుంటే ఎవరికి లాభం?

ఆయనకు చెప్పకుండా రేపల్లెలో ఒక వెల్డింగ్ వర్క్‌షాపుకి వెళ్లాను. ట్రాక్టరు వివరాలు చెప్పగానే అక్కడి మేస్త్రి నన్ను ఎగాదిగా చూసి, "బాపట్ల నుంచేనా అమ్మా? మొన్న తెనాలి నుంచి ఒకాయన వచ్చి ఇవే కొలతలు చెప్పి వెళ్లారండి. తేలికపాటిది, రెండు వేళ్లది" అన్నాడు.

బావగారూ ఈ మేస్త్రీ కలిసే ఉన్నారన్నమాట అనుకున్నాను. వెంటనే బాపట్ల వచ్చేశాను.

ఇక నా కళ్లనే నమ్మాలనుకున్నాను. బాపట్లలో కట్టెల అడితికి ఇసుక బస్తాలు తీసుకెళ్లి, ఒక్కొక్కటి క్వింటాలు ఉండేట్టు నా ఎదుటే తూకం వేయించాను. తోపులో మా డ్రైవరు చేత ట్రాక్టరు చేతులకు ఒక దూలం కట్టించి, పంజా వేళ్లు వచ్చేచోట బస్తాలు వేలాడదీయించాను. రెండు తేలిగ్గా లేచాయి. మూడు లేచాయి గానీ స్టీరింగు తేలిపోతోందన్నాడు డ్రైవరు. నాలుగోది కట్టి మీట ఎత్తగానే బస్తాలు నేలమీదే ఉండిపోయి ముందు చక్రాలు పైకి లేచాయి. డ్రైవరు మీట దించేశాడు.

మూడు క్వింటాళ్లు దాటిన ఆ పంజా తగిలించి ఉంటే, దుంగను పట్టకముందే బండి తిరగబడే అంచు మీద ఉండేది. మర్నాడే రేపల్లె మేస్త్రికి, ఆయన చెప్పిన కొలతలకే పంజా చేయమని కబురు పెట్టాను.

రేపల్లెలో చేయించిన చిన్న పంజా వచ్చిన రోజు బావగారు తోపుకి వచ్చారు. నేనే మొదలుపెట్టాను.

"బావగారూ, మీకు తోపు కావాలి కాబట్టి అడ్డుపడుతున్నారనుకున్నాను."

ఆయన బోల్టులు బిగిస్తూనే జవాబిచ్చారు. "కావాల్సిందేనమ్మా. నోరు తెరిచి అడిగాను కదా. తోపు కావాలనుకోవడం వేరు, బండి తిరగబడాలనుకోవడం వేరు." చివరి బోల్టు బిగించి, "బస్తాలు కట్టి చూశావటగా. మంచి పని చేశావు. నన్ను కూడా నమ్మకూడదు. ఇంక కౌలు మాట ఎత్తన్లే" అన్నారు.

చివరిదాకా ఎత్తలేదు.

మొన్న తెనాలి వెళ్లినప్పుడు బావగారి భార్య, నేను అక్కయ్యా అని పిలిచే మా తోటికోడలు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నాకు తెలియనిదొకటి చెప్పింది. అరవైల్లో చుండూరు దగ్గర ఒక ట్రాక్టరు చెట్టు మోడును పైకెత్తబోయి వెనక్కి తిరగబడి, డ్రైవరు దాని కింద పడి పోయాడట. అతను బావగారి స్నేహితుడు. "'పుస్తకంలో ఉంది, లేస్తుంది, ఎత్తు' అని చెప్పింది ఈయనేనే. అప్పటిదాకా ఈయనంత ఇట్టే నమ్మేసే మనిషి లేడు" అంది.

తిరిగొచ్చాక నాకు పదేపదే గుర్తొస్తున్నది, చిన్న పంజా మొదటి దుంగను ఎత్తిన మధ్యాహ్నం. ట్రాక్టరు నెమ్మదిగా రోడ్డు వైపు సాగింది. బావగారు పంచె ఎగ్గట్టి, నడుం వంచి, ముందు చక్రం నేల విడుస్తోందా అని చూస్తూ దాని పక్కనే నడిచారు. మేం ఎంత చెప్పినా నడుం ఎత్తలేదు. వాళ్లు రోడ్డెక్కాక నేను వెనక ఒక్కదాన్నే నిలబడి చూశాను. ఇసుకలో చక్రం గాడి ఎక్కడా తెగకుండా సాగింది. దాని పక్కనే, జానెడు దూరంలో, తోపు చివరిదాకా ఆయన అడుగులు.