బస్సులో మోగిన మా మొదటి పాట

మా గిటార్ బ్యాండు బతికింది ఎనిమిది నెలలే. చేసింది ఒక్క పాట. తొంభైల చివర్లో, తమిళనాడులోని కోవిల్‌పట్టిలో కాలేజీ చదివేటప్పటి సంగతి. నేను గిటారు, మా మేనమామ కొడుకు గిటారూ పాటా. బేసు వాయించేవాడూ డ్రమ్ముల వాడూ తమిళ పిల్లలు. నేనూ మేనమామ కొడుకూ ఒకరినొకరం బావా అనుకునేవాళ్ళం.

పాట మాత్రం మా బావ తెలుగులో కట్టాడు. మా నల్లరేగడి ఊళ్ళలో తెలుగంటే ఇంట్లో మాట. గడప దాటితే తమిళమే. ఎవరూ చెప్పి నేర్పింది కాదు. చదవడం, రాయడం అసలే లేదు. పాటనూ తమిళ అక్షరాల్లోనే రాసుకున్నాడు. పాటంతా మా అత్త, అంటే వాళ్ళమ్మ, పత్తి చేన్లోంచి మా ఇద్దరికీ వేసే కేకలే. "కూడు చల్లారిపాయ, యాడుండారురా" అని పల్లవి. గిటారు మీద మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జల్లుమంది. "ఎవరికర్థమవుతుందిరా ఇది?" అని డ్రమ్ముల వాడు నవ్వితే, "మా అమ్మకి" అన్నాడు మా బావ.

విరుదునగర్‌లో ఒక చిన్న స్టూడియోలో, శబ్దం వస్తుందని ఫ్యాను కూడా ఆపేసి, చెమటలు కక్కుతూ ఒక పూటలో రికార్డు చేశాం. యాభై క్యాసెట్లు. కొనేదెవరు? మా వైపు కొత్త పాట నలుగురి చెవిన పడాలంటే ప్రైవేటు బస్సే దిక్కు. డ్రైవరుకి నచ్చిందా, దారి పొడుగునా మోగుతుంది. నేనే పోయి ఒక డ్రైవరు గడ్డం పట్టుకుని బతిమాలి క్యాసెట్టు ఇచ్చాను. శనివారం నేనూ మా బావా అదే బస్సెక్కాం. నేను ముందు, ఇంజను పక్కన. వాడు వెనక మెట్ల దగ్గర నిలబడ్డాడు, జనం ఏమంటారో వినాలని.

మోగింది. అబ్బా, మా పాట! పల్లవి రెండోసారి వచ్చేసరికి ఎవడో "ఇదేం పాటప్పా, మార్చు" అన్నాడు. కొందరు నవ్వారు. కండక్టరు నావైపు తిరిగి, "నువ్వేగా ఇచ్చింది? ఏ భాష ఇది, మీదేనా?" అని తమిళంలో గట్టిగా అడిగాడు. నా నోరు ఎంత చురుగ్గా తిరిగిందో చూడండి! "తెలియదన్నా, ఎవరో ఇమ్మంటే ఇచ్చాను. మార్చేయండి" అన్నాను, చక్కటి తమిళంలో, అంతే గట్టిగా.

తీసేశారు. ముందు సీట్లో ఒక ముసలమ్మ, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నావిడ, బస్సంతా వినబడేట్టు తెలుగులో అడిగింది: "ఏమప్పా, ఎందుకు నిలిపినారు? బాగుండె గదా!" నేను మొహం అటు తిప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సాత్తూరులో బస్సు ఆగగానే మా బావ దిగిపోయాడు. "రేయ్ బావా!" అని వెనకే పరిగెత్తాను. ఆగాడు. నాలుగు తిట్టుంటే బాగుండేది. "ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నాడు, తమిళంలో. ఎదురు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

బ్యాండు ఆ నెలలోనే చెదిరింది. పరీక్షలని అందరికీ చెప్పుకున్నాం. మా అత్త ఆ పాట విందో లేదో అడిగే ధైర్యం నాకు ఈనాటికీ రాలేదు. వాడు చెడ్డవాడేం కాదు. నాకు ఆపరేషనైతే మూడు రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాడు. మా అమ్మతో, మా ఆవిడతో, పిల్లలతో తెలుగే మాట్లాడతాడు. నాతో మాత్రం, మా ఇంట్లో కూర్చుని కూడా, తమిళమే.