పగులులో నీలం

మా అల్లుడు గారు పోయారన్న వార్త వచ్చేసరికి నేను ఇంటి వెనక పునాదికి నీళ్ళు పెడుతున్నాను. మా అమ్మాయి వంటింటి తలుపు తీసి, "నాన్నా, కుళాయి కట్టెయ్యి" అంది. పోలీసులు ఫోన్ చేశారట. ఆఫీసుకి వెళ్తూ హైవే పక్కకి కారు తీసి ఆపుకున్నారట. గుండె అక్కడే ఆగిపోయింది. నేను కుళాయి కట్టేశాను.

చర్చి పెద్దలు ఆయన గురించి మన పత్రికకి నాలుగు మాటలు రాయమన్నారు. పల్లెటూరి బడిలో చదువుకున్నవాణ్ణి, మాట తక్కువ. తెలిసినంత రాస్తాను.

డెబ్భైల చివర్లో నేను ఈ దేశం వచ్చేసరికి మా ఊరు ప్లేనో దాటితే అన్నీ పొలాలే. నేల మన గుంటూరు వైపు రేగడి లాంటిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు బారుతుంది. అందుకే వేసవిలో ఇక్కడ ఇళ్ళ పునాదులు తడుపుతారు, లేకపోతే గోడలు బీటలిస్తాయి. అల్లుడు గారి ఉద్యోగం మట్టి పరీక్షలు. "మట్టి ఇంజనీరు ఇంటి గోడ పగిలితే జనం నవ్వుతారండీ. నా పరువు మీ చేతిలో పెడుతున్నాను" అని గొట్టం నాకు అప్పగించారు.

ఆ రోజుల్లోనే ఊరి బయట చెత్త పూడ్చడానికి ఒక కంపెనీ పెద్ద గొయ్యి తవ్వుతోంది. చెత్తలోంచి దిగే మురుగుని ఆ నేల ఆపుతుందో లేదో తేల్చే పని ఈయనకి వచ్చింది. ఇసుక నేలలో మురుగు గబగబా జారిపోతుందని, బంకమట్టి పట్టి ఉంచుతుందని నాకు చెప్పేవారు. వానల్లో మట్టి తీసి పరీక్ష చేసి, ఆపుతుందని సంతకం పెట్టారు.

ఆ వేసవిలో చుక్క వాన లేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, టై అయినా విప్పకుండా నా గది గుమ్మంలో నిలబడ్డారు.

"మామయ్య గారూ, మీ నీలిమందు కొంచెం ఇస్తారా?"

"మీకు పంచెలెక్కడివండీ?"

"పంచెకి కాదండీ, నేలకి."

ఊరి నుంచి తెచ్చుకుని పొదుపుగా వాడుకుంటున్న డబ్బా. ఇచ్చాను. బకెట్టులో కలిపి, పెరట్లో నేను తడపని చోట ఒక పగులులో పోశారు. బకెట్టు ఖాళీ అయింది. పైన తడి నిలవలేదు. మర్నాడు ఇద్దరం తవ్వాం. నడుం లోతుకి వెళ్ళినా పగులు అంచుల మీద నీలం కనబడుతూనే ఉంది. పక్కనున్న పెళ్ళ విరిచి చూస్తే లోపల నల్లగా, శుభ్రంగా ఉంది.

"మట్టి ఆపుతోందండీ. పగులు ఆపదు. నేను పిడికెడు మట్టి తీసికెళ్ళి పరీక్ష చేశాను. పిడికెడు మట్టిలో ఇంత పగులు ఎక్కడ పడుతుంది?" అని ఆ గోతిలోనే కూర్చుండిపోయారు.

మా అమ్మాయి బయటికి వచ్చి, "లాన్ అంతా తవ్వేశారా? నైబర్స్ చూస్తే ఎవర్నో పాతిపెడుతున్నాం అనుకుంటారు" అంది. ఆయన నవ్వలేదు.

చెత్త గొయ్యి అప్పటికి వేసవంతా ఎండలో నోరు తెరుచుకుని ఉంది. ఆ నెర్రెల మీదే చెత్త పోయడం మొదలుపెట్టారు. అడుగున ఇసుక పొర. చుట్టుపక్కల బావులకి నీరు వచ్చేది అందులోంచే. ఈయన కంపెనీకి వెళ్ళి తన సంతకం తప్పని చెప్పారు. వానలు పడితే పగుళ్ళు మూసుకుంటాయన్నారట వాళ్ళు. "మూసుకునేలోపు దిగేది దిగిపోతుంది" అన్నారట ఈయన. గొయ్యి ఆగలేదు. ఈయన ఉద్యోగం పోయింది.

గొయ్యి పక్కన ఒక తెల్ల ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఒకరోజు ఆవిడ దగ్గరికి వెళ్తూ నన్నూ కారెక్కించుకున్నారు. ఆవిడ బావి నీళ్ళతో చేసిన ఐస్ టీ మా ముందు పెట్టింది. నేను గ్లాసు ఎత్తబోతే ఈయన చెయ్యి అడ్డం పెట్టి, "వద్దండీ" అన్నారు. తర్వాత ఆవిడతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. నాకు అర్థమైంది సారీ ఒక్కటే.

తిరిగి వస్తుంటే అడిగాను, ఏం చెప్పారని.

"ఈ నేల మంచిదని రాసింది నేనే, మంచిది కాదు అని చెప్పానండీ."

కొన్నాళ్ళకి బావి నీళ్ళు వాసన కొట్టాయి. ఆ ఇల్లు కొనేవాళ్ళు లేరు. ఆవిడ తాళం వేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. గొయ్యి ఇప్పటికీ నిండుతూనే ఉంది.

ఆ తర్వాత ఆయన ఎక్కడా కుదురుగా ఉండలేదు. "ఒక వేసవి చూడనిదే సంతకం పెట్టనండీ" అనేవారు. అన్నాళ్ళు ఆగేదెవరు? కొంచెం దూరాన ఇర్వింగ్ అనే ఊళ్ళో చిన్న ఉద్యోగం దొరికింది. ఆ దారిలోనే పోయారు.

మొన్న ఆగస్టులో ఆయన్ని సమాధి చేశాం. తవ్విన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా వచ్చింది. ఆ ముసలావిడ ఎలా తెలుసుకుందో, కర్ర పట్టుకుని వచ్చింది. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, "నా ఇంటికి వచ్చి చెప్పింది అతనొక్కడే" అందట.

ఆదివారాలు ఆరాధన అయ్యాక అమ్మాయి నన్ను సమాధి దగ్గరికి తీసుకెళ్తుంది. నేను క్యానుతో నీళ్ళు, ఒక చెంబు పట్టుకెళ్తాను. "ఇక్కడ కూడానా నాన్నా?" అంటుంది. నేను క్యాను మూత తీస్తాను.

పోయిన ఆదివారం తలవైపు వేలు పట్టేంత పగులు కనబడింది. చెంబెడు పోశాను. చప్పుడు లేకుండా లోపలికి పోయింది. ఇంకో చెంబు పోశాను. పైన తడి నిలవలేదు.