వంటింట్లోకి గుల్బర్గా స్టేషన్

1977వ సంవత్సరం. జహీరాబాద్ బస్టాండు ఎదురుగా, బొంబాయి రోడ్డు మీద నాకొక చిన్న రేడియో దుకాణం ఉండేది. బాగుచేయడం, అమ్మడం రెండూ నేనే చూసుకునేవాణ్ణి. పాత వాల్వు రేడియోలు మూలకు పడి, ట్రాన్సిస్టర్లు ఇళ్లలోకి వస్తున్న కాలం అది. వాల్వు అంటే బల్బులాంటి గాజు గొట్టం. అది వేడెక్కితేగానీ సెట్టు పలకదు, కరెంటు పోతే అసలే పలకదు. ట్రాన్సిస్టర్‌కు ఆ బాధ లేదు. సెల్సు వేసుకుంటే పొలం గట్టు మీదైనా పాడుతుంది.

వానలు వెనకబట్టిన రోజుల్లో చిరాగ్‌పల్లి నుంచి మల్లేశం అనే రైతు, తల్లి నర్సమ్మతో కలిసి వచ్చాడు. చెరకు, అల్లం పండించే కుటుంబం. పాత వాల్వు సెట్టును గొంగడిలో చుట్టి ఎడ్లబండిలో తెచ్చారు. విప్పి చూస్తే వాల్వు కాలిపోయి ఉంది. అలాంటిది హైదరాబాదులో కూడా దొరకడం లేదని చెప్పాను.

"అయితే కొత్తదే ఇయ్యి అన్నా. గా పెద్దది," అంటూ మల్లేశం పై అరలో ఉన్న చెక్కపెట్టె సెట్టును చూపించాడు. "అరుగు మీద పెడితే నలుగురు కూసోని వార్తలు ఇనాలె."

నర్సమ్మ ఆ పెట్టె వంక చూడలేదు. "కొడుకా, గిది లోపట వంటింట్ల ఇనొస్తదా?" అని నన్నడిగింది.

"ఇల్లు ఎట్లుంటదమ్మా?"

"రాతిగోడలు. మీద రేకులు."

మందపు గోడలు, ఇనుప రేకులు రేడియో తరంగాలను లోపలికి రానివ్వవు. దుకాణంలో గణగణలాడిన సెట్టు అలాంటి ఇంట్లో గురగురలాడుతుంది. ఇల్లు చూడకుండా ఏదీ అంటగట్టడం నాకిష్టం లేదు. మరునాడు పెద్ద సెట్టొకటి, తోలు సంచీ ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ ఒకటి, రాగితీగ చుట్టొకటి పట్టుకుని వాళ్లూరు వెళ్లాను.

మల్లేశం పెద్ద సెట్టును అరుగు మీదికి మోసుకుపోయాడు. నర్సమ్మ నన్ను కొట్టం దగ్గర ఆపింది.

"కోడలు బీదర్ అవుతల పిల్ల. కన్నడపోళ్లు. మూడు నెల్ల కింద పురిట్లనే బిడ్డ పోయింది. అప్పటి సంది నోరు తెరుస్తలేదు. పని చేస్తది, పెడితే తింటది, అంతే. ఆమె బాస మాకు రాదు, మాది ఆమెకు సగమే వస్తది. ఓదారుద్దామంటె నాకు మాట దొరుకుతలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆమె బాసల ఏదన్న పలికే రేడియో ఉంటదా?"

ఉంటుందమ్మా అని వెంటనే అనలేకపోయాను. దగ్గరి స్టేషన్లు మీడియం వేవ్ మీద వస్తాయి. మాకు తూర్పున హైదరాబాద్, పడమటన గుల్బర్గా. గుల్బర్గా కన్నడ స్టేషన్. కానీ మా వైపు హైదరాబాదే గట్టిగా పలుకుతుంది. సెట్టుకు సెలెక్టివిటీ ఉండాలి, అంటే ఒక స్టేషన్ మీద ఇంకొకటి ఎక్కకుండా విడదీసే శక్తి. అది ఆ చిన్న ట్రాన్సిస్టర్‌లో కొంత మెరుగు. రేకుల కింద ఎంతవరకు పనిచేస్తుందో మాత్రం నాకూ తెలియదు.

అరుగు మీద పెద్ద సెట్టు హైదరాబాద్ స్టేషన్‌ను వీధి చివరిదాకా వినిపించింది. మల్లేశం ముఖం వెలిగిపోయింది. అదే సెట్టును వంటింట్లో పెడితే ఒట్టి హోరు. గూట్లో పెట్టాం, పొయ్యి పక్కన పెట్టాం. లాభం లేదు.

మల్లేశం భార్య నీలమ్మ వంటింటి వెనక, పెరటి గడప దగ్గర కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ఇరవై ఏళ్లుంటాయేమో. మేము అటూ ఇటూ తిరుగుతున్నా తలెత్తలేదు. నేను చిన్న సెట్టు తీసి ఆమెకు కొంచెం దూరంలో, అదే గడప మీద పెట్టాను. అక్కడ గోడ అడ్డం లేదు. ముల్లును నెమ్మదిగా తిప్పుతూ పోయాను. హైదరాబాద్ దాటింది, హోరు వచ్చింది. ఆ హోరులోంచి సన్నగా ఒక ఆడగొంతు. కన్నడంలో ఏదో బజారులో ఉల్లిగడ్డల ధరలు చదువుతోంది.

చాట ఆగింది.

అది నేనప్పుడు గమనించలేదు. ఆ పిల్లకు ఉల్లిగడ్డల ధరలెందుకు, ఏదైనా పాట దొరుకుతుందేమోనని ముల్లును జరపబోయాను.

"బ్యాడ్రి," అంది నీలమ్మ. గొంతు బొంగురుగా ఉంది. "ఇరలి."

వద్దండీ, ఉండనీయండి అని. ఆ రెండు మాటలకు తర్జుమా ఎవరికీ అవసరం పడలేదు. నర్సమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయింది. మల్లేశం గుమ్మంలో నిలబడి భార్యనే చూస్తున్నాడు. ఉల్లిగడ్డలయ్యాయి, మిరపకాయలయ్యాయి, జొన్నలయ్యాయి. అందరం విన్నాం.

కాసేపటికి మల్లేశం నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "చిన్నదే ఉంచు అన్నా. వార్తలకు నేనే ఈడికొచ్చి కూసుంట."

రేడియోలో గొంతు ఇంకా తెగిపోతూనే ఉంది. ఏరియల్ కావాలి. మల్లేశం పెరట్లో వెదురు గడ నాటాడు. దాని కొస నుంచి రాగితీగ లాగి, చివరను ట్రాన్సిస్టర్ చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టాను. అలా చుడితే బయటి తీగ పట్టిన తరంగం లోపలికి అందుతుంది. ట్రాన్సిస్టర్ ఎటు తిరిగి ఉందన్నదాన్ని బట్టి కూడా స్టేషన్ బలం మారుతుంది. అది చెబుదామనుకునేలోపే నీలమ్మ సెట్టును ఒళ్లోకి తీసుకుని, గొంతు తేటపడేదాకా తానే తిప్పి పెట్టుకుంది.

కొన్ని వారాల తర్వాత నర్సమ్మ సెల్సు కోసం వచ్చింది. ఎట్లున్నదమ్మా అని అడిగాను.

"ఒకనాడు పాట ఇనుకుంట ఏడ్సింది కొడుకా. జర గట్టిగనే ఏడ్సింది. నేను పక్కన కూసుంటె ఏందేందో చెప్పింది. బిడ్డ ముచ్చటే. మాట తెల్వకున్నా ముచ్చట తెలుస్తది గదా." సెల్సు కొంగులో ముడేసుకుంటూ నవ్వింది. "ఇప్పుడు నాకు నేర్పుతున్నది. నీళ్లను నీరు అంటరట. అన్నం తినుడును ఊట అంటరట."

తర్వాతి ఏడాది నీలమ్మే స్వయంగా ట్రాన్సిస్టర్ పట్టుకుని దుకాణానికి వచ్చింది, అత్తను వెంటబెట్టుకుని. "అన్నా, కదిలిస్తె స్టేషన్ జారిపోతున్నది, జర చూడు," అంది. అచ్చం మా తెలుగే. సెట్టు విప్పి లోపల వదులైన తీగ బిగిస్తుంటే వాళ్లిద్దరూ బల్ల మీద కూర్చుని బజారు సంగతేదో మాట్లాడుకుంటున్నారు. ఒకరు కన్నడంలో మొదలుపెడితే ఇంకొకరు తెలుగులో ముగిస్తున్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు రేడియోలు అమ్మాను, టీవీలు కూడా అమ్మాను. కొనడానికి వచ్చిన ప్రతి మగవాణ్ణీ ముందుగా ఒకటే అడిగేవాణ్ణి. మీ ఇంట్లో పొద్దంతా ఉండేదెవరు, వాళ్లు ఎక్కడ కూర్చుంటారు, వాళ్లకేం వినాలని ఉంది? చాలామంది జవాబు తెలియక, ఇంటికెళ్లి అడిగి వస్తామని వెళ్లేవారు.